బరంపురంలో మెట్రో 2033 ఆడిన రోజులు

మెట్రో 2033 అనే కంప్యూటర్ ఆట పేరెత్తితే చాలామంది తుపాకుల గురించో గ్రాఫిక్స్ గురించో మొదలుపెడతారు, నాకు మాత్రం ముందు గుర్తొచ్చేది ఆ చేతి ఛార్జర్. తలకి పెట్టుకున్న లైటు మసకబారినప్పుడల్లా దాన్ని బయటకి తీసి గబగబా నొక్కుతూ ఉండాలి, ముల్లు మెల్లగా పైకెక్కుతుంది, లైటు మళ్ళీ తెల్లగా వెలుగుతుంది, కానీ నొక్కుతున్నంతసేపూ చేతిలో తుపాకీ ఉండదు. సొరంగంలో ఎటునుంచి ఏం వచ్చి మీద పడుతుందో తెలియక, ఆ టకటకలు వింటూ నిలబడినప్పుడు పడ్డ టెన్షన్ నేను ఇంకే షూటింగ్ ఆటలోనూ పడలేదు.

మాది ఒడిశాలో గంజాం జిల్లా బరంపురం. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, ఫ్రెండ్స్‌తో కంప్యూటర్ ముందు కూర్చుంటే రెండూ కలిపి. ఇంజనీరింగ్ చదివేటప్పుడు నాన్నని బతిమాలి కొనిపించుకున్న డెస్క్‌టాప్ ఒకటి ఉండేది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా బావ తను కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనుక్కుని, పాతది సంక్రాంతికి వచ్చినప్పుడు తెచ్చి నా సిస్టమ్‌లో బిగించాడు, దాంతోపాటే ఈ ఆట డిస్కు చేతిలో పెట్టి, "రాత్రి పూట ఆడరా బామ్మర్దీ, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, అప్పుడు తెలుస్తుంది" అన్నాడు. డిస్కు ఉంటే సరిపోయేది కాదు, ఆన్‌లైన్‌లో యాక్టివేట్ చేయాలి, అప్‌డేట్లు దింపుకోవాలి, మా ఇంటి నెట్ స్పీడుకి అది రాత్రంతా నడిచే వ్యవహారం. తెల్లారి లేచి చూస్తే ఇంకా నడుస్తూనే ఉండేది.

పైగా అది చాలా బరువైన ఆట. ఆ రోజుల్లో కొత్త గ్రాఫిక్స్ కార్డు ఏది మార్కెట్లోకి వచ్చినా దాని సత్తా తేల్చడానికి రివ్యూలు రాసేవాళ్ళు వాడే ఆటల్లో ఇదొకటి. నా సిస్టమ్‌లో సెట్టింగులన్నీ కిందికి దించేసి, రిజల్యూషన్ తగ్గించి ఆడినా జనం ఎక్కువగా ఉన్న స్టేషన్ వచ్చేసరికి ఆగి ఆగి కదిలేది. అయినా ఆ పొగ, ఆ నూనె దీపాల కాంతి, సొరంగం గోడల మీద తేమ, ఇవన్నీ కింది సెట్టింగుల్లో కూడా దెబ్బతినలేదు. వెలుగుని ఎక్కడ పెట్టాలో, చీకటిని ఎక్కడ వదిలేయాలో బాగా తెలిసినవాళ్ళు చేసిన పని అది.

ఆట 2010 మార్చిలో వచ్చింది. చేసింది కీవ్ నగరంలోని 4ఏ గేమ్స్ అనే చిన్న స్టూడియో, అమ్మింది టీహెచ్‌క్యూ. ద్మిత్రీ గ్లుఖోవ్‌స్కీ అనే రష్యన్ రచయిత అదే పేరుతో రాసిన నవల దీనికి ఆధారం. 2013లో అణుయుద్ధం జరిగి భూమి పైన ఊపిరి పీల్చడానికి కూడా వీల్లేకుండా పోతుంది, దక్కినవాళ్ళు మాస్కో మెట్రో స్టేషన్లలో తలదాచుకుంటారు, ఇరవై ఏళ్ళు గడిచేసరికి ఒక్కో స్టేషన్ ఒక్కో చిన్న రాజ్యం అయిపోయి ఉంటుంది. ఒకచోట కమ్యూనిస్టులు, ఒకచోట నాజీలు, ఒకచోట వర్తకులు. ఆర్త్యోమ్ అనే ఇరవై ఏళ్ళ కుర్రాడు తన స్టేషన్‌కి ముంచుకొస్తున్న ప్రమాదం గురించి చెప్పి సాయం అడగడానికి పోలిస్ అనే చోటుకి బయలుదేరతాడు. కథ అంతే. దారిలో ఎవరో ఒకరు తోడు దొరుకుతారు, కొంత దూరం వస్తారు, పోతారు.

ఇందులో తూటాలే డబ్బు. యుద్ధానికి ముందు తయారైన మిలిటరీ తూటాలు కరెన్సీగా చెల్లుతాయి, మెట్రోలో నాటుగా తయారు చేసుకున్న మురికి తూటాలు కాల్చుకోవడానికి. మిలిటరీవి పెట్టి కాలిస్తే దెబ్బ గట్టిగా తగులుతుంది, కానీ కాల్చిన ప్రతి తూటా జేబులో డబ్బే. మీదికి జంతువుల మంద వస్తున్నప్పుడు, మురికి తూటాలు అయిపోయినప్పుడు, ఇప్పుడు డబ్బు తగలబెట్టాలా వద్దా అని అర సెకనులో తేల్చుకోవాలి. నేనైతే చచ్చినా సరే అని దాచుకున్నవాణ్ణే. మధ్యతరగతి ఇంట్లో పెరిగినవాడికి ఆ తూటా మీద వేలు అంత తేలిగ్గా పడదు.

పైకి వెళ్ళినప్పుడు గ్యాస్ మాస్క్ తప్పనిసరి, ఫిల్టర్ ఎంతసేపు పనిచేస్తుందో చేతి గడియారంలో చూసుకోవాలి. తెర మీద అంకెలు, గీతలు దాదాపు ఉండవు. ఊపిరి శబ్దం మారుతుంది, మాస్క్ అద్దం మీద ఆవిరి పడుతుంది, దెబ్బలు తగిలితే అద్దం పగుళ్ళు ఇస్తుంది, ఆ పగుళ్ళలోంచే లోకాన్ని చూస్తూ నడవాలి, దారిలో చచ్చిపడి ఉన్నవాడి మొహం మీద మంచి మాస్క్ కనిపిస్తే అది తీసుకోవాలి. ఎటు వెళ్ళాలో తెలియకపోతే ఒక అట్ట మీద క్లిప్పు పెట్టిన కాగితం ఉంటుంది, చీకట్లో అయితే లైటర్ వెలిగించి ఆ కాగితం మీదికి తెచ్చి చదువుకోవాలి. నేను ఆ కాగితాన్ని అవసరం లేకపోయినా తీసి చూసేవాణ్ణి. లైటర్ మంట వణకడం, కాగితం మీద పసుపు వెలుగు పడటం, అది చూస్తుంటే చేతికి వెచ్చగా తగులుతున్నట్టే ఉండేది.

లైబ్రరీ గురించి చెప్పకుండా ఉండలేను. మాస్కోలోని పెద్ద గ్రంథాలయం, అందులో లైబ్రేరియన్లు అని పిలిచే భారీ గొరిల్లాల్లాంటి జీవులు. దాన్ని కాల్చి చంపాలంటే ఉన్న తూటాలన్నీ ఖర్చవుతాయి. ఎదురుపడితే కళ్ళలోకి చూస్తూ కదలకుండా నిలబడాలి, వెనక్కి అడుగులు వేస్తే మెల్లగా, వీపు మాత్రం చూపించకూడదు. అది ముక్కుతో వాసన చూస్తూ దగ్గరికొస్తుంది, ఆగుతుంది, గుర్రుమంటుంది, ఒక్కోసారి విసుగొచ్చి వెళ్ళిపోతుంది. షూటింగ్ ఆట అని పేరు పెట్టుకున్న ఆటలో అన్నిటికన్నా గొప్ప ఘట్టం కాల్చకుండా నిలబడటం. మా అమ్మమ్మ ఓసారి నా వెనక నిలబడి చూసి, "ఏటిరా అది, కోతా? దాన్నలా సూత్తా కూకున్నావు?" అంది. చెప్పడానికి నోరు తెరవడానికి కూడా భయమేసింది నాకు, ఆ క్షణంలో మౌస్ కదిలితే అంతే.

ఇక లోపాల సంగతి. ఈ ఆటని ఇంత ఇష్టపడేవాడిగా వాటిని దాచిపెట్టడం నాకు నచ్చదు.

కాల్చడమే దీని బలహీనత. మనుషులతో పోరాటం మొదలైందంటే కవచం వేసుకున్న సైనికుడు ఎన్ని తూటాలు తగిలినా పడడు, తగిలిందో లేదో కూడా సరిగ్గా తెలియదు. తూటా అంటే డబ్బు అని నేర్పిన ఆట, ఒక్కొక్కడి మీద గుప్పెడు తూటాలు పోయమంటే మనసు ఒప్పుకోదు. దొంగచాటుగా పోదామంటే ఇంకో ఇబ్బంది. దీపాలు కాల్చి ఆర్పేసి, మూలల్లో నక్కి, కత్తులు విసిరి ఎంత జాగ్రత్తగా వెళ్ళినా ఒక్కడి కంట పడితే చాలు, అటు చివర ఉన్నవాడికి కూడా మనం ఎక్కడున్నామో తెలిసిపోతుంది, ఆ తర్వాత చీకట్లో దాక్కుని ఏం లాభం లేదు. రెడ్స్ అనే కమ్యూనిస్టులకీ నాజీలకీ మధ్య యుద్ధం జరిగే ఫ్రంట్‌లైన్ దగ్గర ఎవర్నీ చంపకుండా వంతెన కిందనుంచి పాక్కుంటూ దాటిపోవచ్చు, అలా దాటాలనే నాకు ఉండేది, ఆట మాటిమాటికీ పట్టిచ్చేది. మనకి కావలసిన చోట సేవ్ చేసుకునే వీలు లేదు, ఆట తనంతట తానే సేవ్ చేసే చెక్‌పాయింట్ ఎక్కడ పడితే అక్కడినుంచే మొదలు. తూటాలూ ఫిల్టర్లూ తక్కువగా ఉన్నప్పుడు చెక్‌పాయింట్ పడిందా, ఇక ఆ కరువుతోనే మళ్ళీ మళ్ళీ చావాలి. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్ళో ఇది ఇంకా బాధ, యూపీఎస్ కీచుమని అరవడం మొదలుపెట్టగానే తరవాతి చెక్‌పాయింట్ దాకా పరిగెత్తేవాణ్ణి.

చివర్లో డి6 అనే పాత సైనిక స్థావరంలో పేలిపోయే అమీబాలు వస్తాయి. వరసగా, గుంపులుగా, అవతల తోడు వచ్చిన మిల్లర్‌ని కాపాడుకుంటూ. అప్పటిదాకా ఓపికతో, భయంతో, నిశ్శబ్దంతో కట్టుకొచ్చినదంతా అక్కడ వదిలేసి మామూలు బొమ్మల కొట్లాటగా మార్చేశారు. అది ఎందుకు పెట్టారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆర్త్యోమ్ ఒక ఘట్టానికీ ఇంకో ఘట్టానికీ మధ్య లోడింగ్ అవుతున్నప్పుడు తన మనసులో మాటలన్నీ చక్కగా చెప్పుకుంటాడు, అదే ఎదురుగా మనిషి నిలబడి ప్రశ్న అడిగితే నోరు విప్పడు. ఇంగ్లీషు డబ్బింగ్‌లో పిల్లల గొంతులు వింటే అప్పటిదాకా ఉన్న మూడ్ పోతుంది.

ఇవన్నీ మొదటిసారి ఆడినప్పుడే తెలిసినవి. ఆ తర్వాత ఫైలిన్ తుపాను వచ్చింది.

2013 అక్టోబరు 12, దసరా రోజులు, అష్టమి. రాత్రి తొమ్మిది ప్రాంతంలో గోపాలపూర్ దగ్గర తీరం దాటింది, గంటకి 200 కిలోమీటర్లు దాటిన గాలి, మాకూ గోపాలపూర్‌కీ మధ్య పదిహేను కిలోమీటర్ల దూరమే. మా పెద్దవాళ్ళకి 1999 బాగా గుర్తు. ఆ ఏడాది పారాదీప్ వైపు సూపర్ సైక్లోన్ రావడానికి పన్నెండు రోజుల లోపే గోపాలపూర్ దగ్గర ఇంకో తుపాను తీరం దాటింది, బయటివాళ్ళకి రెండోదే తెలుసు, గంజాం వాళ్ళకి మొదటిది కూడా తెలుసు. సూపర్ సైక్లోన్‌లో పదివేలమంది దాకా పోయారు. ఈసారి ముందే లక్షలమందిని తీరం నుంచి తరలించారు కాబట్టి ప్రాణనష్టం చాలా తక్కువ. కానీ ఆ రాత్రి గాలి పెట్టిన రొద వేరే. తలుపు వెనక ఇనప పెట్టె, దాని మీద బియ్యం బస్తా పెట్టి, నాన్నా నేనూ వీపు ఆనించి కూర్చున్నాం, గాలి విసురు వచ్చినప్పుడల్లా బస్తాతో సహా మేమిద్దరం కదిలేవాళ్ళం. వీధిలో రేకులు ఎగిరి ఎక్కడో గోడకి కొట్టుకుని పడుతున్న చప్పుడు. అర్ధరాత్రి దాటాక గాలి దిక్కు మారింది, అప్పుడు వంటింటి కిటికీ పోయింది.

తెల్లారి చూస్తే వీధిలో చెట్లు లేవు. స్తంభాలు వంగి, తీగలు రోడ్డు మీద పడి, ఎక్కడ అడుగు వేయాలన్నా భయం. ఇన్వర్టర్ ఆ పూటకే అయిపోయింది. ఆ తర్వాత చాలా రోజులు కరెంటు లేదు.

అప్పుడు ఇంట్లో పనికొచ్చిన లైటు ఒకటే, రెండేళ్ళకోసారి మా ఊళ్ళో జరిగే ఠాకురాణి జాతరలో తాతయ్య కొన్న చైనా టార్చి. దానికి సెల్స్ అక్కర్లేదు, పిడికిట్లో పట్టుకుని మీట నొక్కి వదులుతూ ఉంటే లోపల చక్రం గర్రుమని తిరిగి చిన్న బల్బులు వెలుగుతాయి, చెయ్యి ఆపితే కాసేపటికి ఆరిపోతాయి. తాతయ్యకి రాత్రి మాత్రలు వేయడం నా వంతు. ఒక చేత్తో టార్చి నొక్కుతూ, ఇంకో చేత్తో మాత్రల అట్ట తిప్పి పేరు చదువుతూ ఉంటే, వేళ్ళకి ఆ మీట గట్టిదనం తగులుతుంటే, ఈ పని నేను ఇంతకుముందు చేశాను అనిపించింది. కీవ్‌లో కూర్చుని ఈ ఛార్జర్‌ని ఊహించినవాడికి చీకట్లో చెయ్యి నొప్పి పుట్టడం అంటే ఏమిటో తెలుసు అని ఆ రాత్రి గట్టిగా అనుకున్నాను.

నిజంగానే తెలుసట. ఆ ఏడాది మే నెలలో, రెండో భాగం లాస్ట్ లైట్ విడుదలైన రోజుల్లో, టీహెచ్‌క్యూ చివరి అధ్యక్షుడు జేసన్ రూబిన్ ఆ స్టూడియో పరిస్థితి గురించి ఒక వ్యాసం రాశాడు. అది నేను తుపాను తర్వాత నెట్ వచ్చాక చదివాను. పెళ్ళిళ్ళలో వేసే మడత కుర్చీల్లో మోచేతులు తగిలేంత ఇరుగ్గా కూర్చుని పనిచేసేవాళ్ళట, కరెంటు కోతలు మామూలట, చలికాలంలో బిల్డింగుకి వేడి సరఫరా ఆగిపోయినా పని ఆపలేదట, పోటీ ఆటల్లో కొన్నిటికి పెట్టిన ఖర్చులో పదో వంతుతో ఆట చేశారట. అప్పటికి టీహెచ్‌క్యూ దివాలా తీసి హక్కులు వేరేవాళ్ళ చేతికి పోయాయి కూడా. అది చదివాక ఆట మీద నాకు గౌరవం పెరిగింది, కానీ అమీబాల మీద కోపం తగ్గలేదు.

చీకటి రోజుల్లో మా వీధంతా సాయంత్రం అయ్యేసరికి మా అరుగు మీదికి చేరేది. ఇంటిదగ్గర ఒక్కొక్కరూ కొవ్వొత్తి వెలిగించుకునే బదులు అందరికీ ఒకటి. జెనరేటర్ ఉన్న దుకాణంలో ఫోనుకింత అని తీసుకుని ఛార్జింగ్ పెట్టేవాళ్ళు, బోర్డుకి బోర్డు తగిలించి బల్ల నిండా ఫోన్లు, ఒక్కోదాని మీద పేరు రాసిన కాగితం ముక్క. ఏటీఎంలు పనిచేయలేదు, చిల్లర దొరకలేదు, బంగాళాదుంపల ధర వింటే గుండె గుభేలుమనేది. చేతి బోరింగు దగ్గర వరస, అక్కడ పంపకం అంతా మా ఎదురింటి పిన్నిది. ఎవరింట్లో ముసలివాళ్ళున్నారు, ఎవరికి పసిపిల్లలున్నారు అని చూసి వరస మార్చేది, మగాళ్ళు నోరెత్తితే ఒడియాలో ఒక్క కేక వేసేది. కరెంటు వచ్చిన సాయంత్రం వీధి ఆ చివరనుంచి "లైట్ ఆసిగలా!" (కరెంటు వచ్చేసింది) అని పిల్లల అరుపు ఇంటింటా దాటుకుంటూ మా దాకా వచ్చింది.

ఆ నెలాఖరులో మళ్ళీ మొదటినుంచి ఆడాను. ఈసారి నా కాళ్ళు స్టేషన్లలో ఆగిపోయేవి. పందుల దొడ్లు, పుట్టగొడుగుల తోటలు, గుడ్డ అడ్డం కట్టి కాపురం చేసుకుంటున్నవాళ్ళు, పైలోకం ఎలా ఉండేదో పిల్లలకి చెబుతున్న ముసలాయన, ఎవడో గిటార్ వాయిస్తుంటే చుట్టూ చేరినవాళ్ళు. ఇవన్నీ దారి పక్కన జరుగుతూ ఉంటాయి, ఆగి వినమని ఎవరూ అడగరు. కానీ ఆగి వింటే, అడుక్కుంటున్నవాడికి ఒక తూటా ఇస్తే, తప్పిపోయిన పిల్లాణ్ణి వీపున మోసుకెళ్ళి తల్లికి అప్పగించి ఆమె ఇవ్వబోయిన తూటాలు వద్దంటే, తెర ఒక్క క్షణం తెల్లబడి చిన్న నీటి శబ్దం లాంటిది వినిపిస్తుంది. అదేమిటో ఆట ఎక్కడా చెప్పదు. ఇలాంటివి తగినన్ని పోగైతేనే చివర్లో ఇంకో ముగింపు ఎంచుకునే అవకాశం వస్తుంది. ఆ పిల్లాడు వీపు మీద ఉన్నంతసేపూ బరువుకి గురి అటూ ఇటూ ఊగుతుంది, కానీ వాడు వెనకనుంచి "అదిగో, అక్కడ!" అని జంతువులు ఎటు ఉన్నాయో చెబుతుంటాడు. ఆట మొత్తంలో నాకు బాగా నచ్చిన తోడు వాడే.

రెండోసారి ఆడినప్పుడే ఇంకో లోపం కూడా బయటపడింది, ఇది గురి కుదరకపోవడం కన్నా పెద్దది. ఇంత శ్రద్ధగా కట్టిన లోకంలో కథలో పని ఉన్న ఆడమనిషి ఒక్కరూ లేరు. ఆ పిల్లాడి తల్లి లాంటివాళ్ళు ఒకటి రెండు చోట్ల కనిపించి మాయమవుతారు. కాపలా కాసేదీ, దారి చూపేదీ, నిర్ణయం చేసేదీ అందరూ మగాళ్ళే. బోరింగు దగ్గర మా పిన్నిని చూసినవాణ్ణి, లోకం నిజంగా అలా అయిపోతే ఇరవై ఏళ్ళు ఆ స్టేషన్లని నడిపేది ఎవరో నాకు తెలుసు.

2022 ఫిబ్రవరిలో కీవ్ మీద బాంబులు పడ్డప్పుడు జనం పరుపులూ పిల్లులూ పట్టుకుని మెట్రో స్టేషన్లలోకి దిగిన ఫోటోలు చూసి ఆఫీసులో పని చేయలేకపోయాను. ఆ ఆట చేసినవాళ్ళ ఊరు అది. యుద్ధాన్ని వ్యతిరేకించినందుకు గ్లుఖోవ్‌స్కీకి రష్యా కోర్టు 2023లో, ఆయన దేశంలో లేకుండానే, ఎనిమిదేళ్ళ జైలు శిక్ష వేసింది.

ఇప్పుడు కొత్తగా ఆడాలనుకునేవాళ్ళకి ఇదే ఆటని మెరుగుపరిచి 2014లో మళ్ళీ తెచ్చిన రీడక్స్ దొరుకుతుంది. దొంగచాటుగా నడిచే భాగాలు అందులో చాలా బాగుపడ్డాయి, శత్రువులు అందరూ ఒకేసారి మీద పడరు, తుపాకీ పేలిస్తే తగిలినట్టు తెలుస్తుంది, మాస్క్ అద్దాన్ని చేత్తో తుడుచుకోవచ్చు. వెలుగు మాత్రం కొంచెం ఎక్కువైంది, పాతదానిలో ఉన్న ఆ మురికి, ఆ ఇరుకు కొంత తగ్గాయి అనిపిస్తుంది నాకు. మొదట్లో స్పార్టన్, సర్వైవల్ అని రెండు రకాలు అడుగుతుంది, సర్వైవల్ తీసుకోండి, తూటాలకి విలువ ఉండేది అందులోనే. మా అక్క కొడుక్కి, అదే ఆ డిస్కు తెచ్చిన బావ కొడుక్కి, పోయిన నెల నేనే ఇన్‌స్టాల్ చేసి ఇచ్చాను. లైబ్రరీ దాటేటప్పుడు ఫోన్‌లో నన్ను లైన్‌లో ఉంచుకుని మరీ ఆడాడు, గుసగుసగా, "మామయ్యా, వెళ్ళిపోయింది, వెళ్ళిపోయింది" అంటూ. ప్రస్తుతం డి6లో అమీబాల దగ్గర ఇరుక్కుని రోజూ ఫోన్ చేసి వాటిని తిడుతున్నాడు, అందులో ఒక్క తిట్టుని కూడా నేను కాదనలేదు.